చప్పట్లు సరే, మెట్ల సంగతేమిటి?



“చూడండి మాస్టారూ, కాళ్ళూ చేతులూ లేనివాడే అంత సంతోషంగా ఉంటే, అన్నీ ఉన్న మనకేం రోగం?”

పదవీ విరమణ చేసిన నాటినుండి ఈ వాక్యాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పాఠశాల వార్షికోత్సవాలలో విన్నాను, ఆధ్యాత్మిక సభలలో విన్నాను, ఉదయపు నడకలో తోటి విశ్రాంత ఉద్యోగుల నోట విన్నాను. అనేవారి సద్భావాన్ని నేను శంకించను. కాని ఇది మంచి వాక్యం కాదనీ, దీని వెనుక ఒక పాత బాకీని ఎగవేసే ఉపాయం దాగి ఉన్నదనీ నా వాదం. తెలుగు పండితుడిగా జీతం తిన్నవాణ్ణి కనుక ముందు మాటల దగ్గరే మొదలుపెడతాను.

“లేనివాడే” అన్నచోట చివరనున్న ఏకారాన్ని గమనించండి. అది నొక్కి చెప్పే ఏకారం. అంతకంటె దిగువన మరొకడు ఉండడని ముందే తీర్మానించుకుంటేనే ఆ ఏకారం పడుతుంది. ఎదుటి మనిషిని అట్టడుగున కూర్చోబెట్టి, అతనికంటె ఒక మెట్టు పైన ఉన్నామని మనసు చల్లబరచుకోవడం ఈ వాక్యం చేసే పని. దీనికి మనం పెట్టుకున్న పేరు స్ఫూర్తి. ఆ మాటకు మూలమైన స్ఫుర ధాతువుకు ధాతుపాఠం చెప్పిన అర్థం సంచలనం, అంటే కదలడం. సభ ముగిశాక మనలో ఏదీ కదలక, మన చుట్టూ ఏదీ మారక, మనసు మాత్రం తేలికపడి ఇంటికి వెళ్ళి భోంచేసి పడుకుంటే, దానికి వేరే పేరేదైనా వెతుక్కోవాలి.

ఈ వాక్యానికి ఆలంబనగా చేతిఫోనులో చూపించే దృశ్యం చాలాసార్లు నిక్ వుయిచిచ్ గారిదై ఉంటుంది. ఆయన 1982 డిసెంబరు 4న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో, సెర్బియా మూలాలున్న వలస దంపతులకు జన్మించారు. పుట్టుకతోనే చేతులు లేవు, కాళ్ళు లేవు. ఎడమ తుంటి దగ్గర రెండు వేళ్ళున్న చిన్న పాదం మాత్రం ఉన్నది. రాయడానికీ, మీటలు నొక్కడానికీ, చక్రాల కుర్చీ నడపడానికీ అదే ఆధారం. పదేళ్ళ వయసులో స్నానపుతొట్టిలో మునిగి ప్రాణం తీసుకోబోయానని ఆయనే బహిరంగంగా చెప్పుకున్నారు. బడిని ఊడ్చి శుభ్రం చేసే ఉద్యోగి ఒకరు నువ్వు వక్తవు కాగలవని ప్రోత్సహించగా, పదిహేడేళ్ళ ప్రాయంలో ఒక ప్రార్థనా బృందం ముందు మాట్లాడడం మొదలుపెట్టారు. గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో పట్టం పొందారు. 2005లో క్రైస్తవ ప్రబోధానికి ఒక సంస్థనూ, ఆ తరువాత వ్యక్తిత్వ వికాస ప్రసంగాలకు మరొక సంస్థనూ స్థాపించారు. 2010లో తొలి పుస్తకం, 2012లో వివాహం, ఆపై నలుగురు బిడ్డలు.

ఆయన మతం నాది కాదు. అయినా ఆయన శ్రమపట్ల నాకు గౌరవమే. నా తగవు ఆయనతో కాదు, ఆ దృశ్యాన్ని చూసే మన చూపుతో. ఆ దృశ్యంలో ఆయన బల్లమీద బోర్లాపడి, నుదుటిని ఆనించి, నడుమును కూడగట్టుకొని పైకి లేస్తారు. సభ కన్నీరు పెట్టుకుంటుంది. కాని ఆ బల్లమీదికి ఆయనను ఎవరు చేర్చారు? విమానం ఎవరు ఎక్కించారు? ఆ పూట అన్నం ఎవరు కలిపి పెట్టారు? ప్రయాణాలలో సంరక్షకులు వెంట ఉంటారన్న సంగతిని ఆయన ఎన్నడూ దాచలేదు. మనమే దానిని చూడలేదు. సంరక్షకుడు కనబడితే ఖర్చు కనబడుతుంది. ఖర్చు కనబడితే, అంత ఖర్చు భరించలేని మన వీధి కుర్రవాడి సంగతేమిటన్న ప్రశ్న పుడుతుంది. సంకల్పబలం ఒక్కటే కనబడితే ఆ ప్రశ్న పుట్టదు. వాడికి సంకల్పం చాలలేదని సరిపెట్టుకోవచ్చు.

దూరదేశపు కథ ఎందుకు, మా గోదావరి జిల్లా కథే చెబుతాను. నాకు చిరకాల మిత్రులైన పౌరాణికులొకరు ఉన్నారు. పేరు రాయవద్దన్నారు కనుక రాయను. మూడవ ఏట పోలియో సోకి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. కాళ్ళకు ఇనుప పట్టీలు, వాటికి బిగించిన తోలు బూట్లు, చంకల కింద కర్రలు. భాగవతం, రామాయణం ఆయనకు కరతలామలకాలు. నలభై ఏళ్ళుగా గుళ్ళలోనూ సత్రాలలోనూ పురాణం చెబుతున్నారు. ఈ మధ్య కళాశాలలవారు కూడా పిలిచి, విద్యార్థులకు ధైర్యం చెప్పమంటున్నారు. అంటే ఇప్పుడు ఆయన పౌరాణికుడూ, వ్యక్తిత్వ వికాస వక్తా కూడాను.

సాయంత్రం ఆరు గంటలకు పురాణమంటే, ఆయన మధ్యాహ్నం పన్నెండు తరువాత నీళ్ళు ముట్టరు. వ్రతమనుకుంటారు భక్తులు. వ్రతమూ కాదు, నియమమూ కాదు. వేదిక దగ్గర మరుగుదొడ్డి ఉండదు. ఉన్నా దానికి గడప ఉంటుంది. గడప లేకపోతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. రెండు గంటలు పురాణం చెప్పవలసిన మనిషి గొంతు తడుపుకోకుండా అరపూట గడిపి వేదిక ఎక్కుతాడు.

ఎక్కుతాడనడం కూడా సరికాదు, ఎక్కిస్తారు. నలుగురు కుర్రాళ్ళు కుర్చీతో సహా ఎత్తుతారు. ఆ సమయానికి ఎవరో ఫోటో తీస్తారు. మర్నాడు పత్రికలో పడేది పురాణం చెబుతున్న ఫోటో కాదు, మోస్తున్న ఫోటో. గుడి లోపలైతే మరో చిక్కు. బూట్లు తోలువి కనుక విప్పమంటారు. బూటు విప్పితే పట్టీ ఊడుతుంది, పట్టీ ఊడితే కాలు నిలవదు. నలభై ఏళ్ళుగా దేవుడి కథలు చెబుతున్న మనిషి దేవుడి ఎదుటికి చేతులమీద దేకుతూనో, ఒకరి వీపుమీదనో వెళ్ళాలి. అక్కడి చాదస్తాన్ని నేను ఆక్షేపించబోతే ఆయనే వారించారు. “మాస్టారూ, బూటు వదిలెయ్యమనే అధికారం వాళ్ళకుంది. కాలు వదిలెయ్యమనే అధికారం లేదు. ఈ ముక్క ఎవరైనా ఆలోచించి చెబితే బాగుండును, పోట్లాడి కాదు,” అన్నారు.

వేదికమీదికి చేరాక పరిచయం. పదిహేను నిమిషాల పరిచయంలో పన్నెండు నిమిషాలు కాళ్ళ గురించే. ఏ గురువు దగ్గర చదువుకున్నారు, ఏ వ్యాఖ్యానాన్ని అనుసరిస్తారు అన్నది ఎవరికీ పట్టదు. ఒకసారి గజేంద్రమోక్షం చెప్పారు. శరణాగతి ఎప్పుడు పూర్ణమవుతుంది, గజేంద్రుడు తన బలాన్ని నమ్ముకున్నన్నాళ్ళూ మొర ఎందుకు మొర కాదు అని గంటన్నరసేపు విప్పి చెప్పారు. నేను ముందు వరుసలో ఉన్నాను. నా ఎరుకలో అంత చక్కగా చెప్పినవారు లేరు. సభ ముగిశాక ఒక పెద్దమనిషి వచ్చి నమస్కరించి, “అయ్యా, మొసలి పట్టిన కాలంటే ఏమిటో మిమ్మల్ని చూస్తే తెలిసింది,” అన్నాడు. మిత్రులు నవ్వి ఊరుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఒక్క మాట అన్నారు. “గజేంద్రుడి ఆర్తి చెప్పాను మాస్టారూ, నా కాలు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్ళు నా కాలునే విన్నారు.”

ఆయనకు కోపం తెచ్చుకునే హక్కు కూడా లేదు. మైకు గరగరలాడితే ఏ పండితుడైనా విసుక్కుంటాడు, అది పాండిత్యదర్పం అనిపించుకుంటుంది. ఈయన విసుక్కుంటే అవిటితనంవల్ల వచ్చిన చిరాకు అంటారు. ఎప్పుడూ నవ్వుతూ ఉండాలి, ఎందుకంటే ఆయన నవ్వు చూసి మనం ధైర్యం తెచ్చుకోవాలి. ఇది ఎంత బరువైన కొలువో ఆలోచించండి. నిక్ గారు కూడా తన వ్యాపారంలో డబ్బు చిక్కులు వచ్చినప్పుడు పనిభారంతో కుంగిపోయిన రోజులున్నాయని తరువాతి పుస్తకంలో రాసుకున్నారు. ఆశను పంచడమే వృత్తిగా ఉన్నవాడికి నిరాశపడే తీరిక ఎవరిస్తారు?

సభకు కావలసింది వక్త కథే గాని వక్త అభిప్రాయం కాదన్న సంగతి కొత్తది కాదు. హెలెన్ కెల్లర్ (1880–1968) జీవితం మన పాఠ్యపుస్తకాల పుణ్యమా అని అందరికీ తెలుసు. కాని ఆ పాఠం చాలావరకు నీటిపంపు దగ్గరే ఆగిపోతుంది. ఆమె 1909లో సోషలిస్టు పార్టీలో చేరారు. కార్మికుల ప్రమాదాలవల్లా దారిద్ర్యంవల్లా ఎందరు చూపు కోల్పోతున్నారో విచారించి రాశారు. అంతవరకు ఆమె మేధను వేనోళ్ళ పొగడిన ఒక పత్రికే, రాజకీయం మాట్లాడేసరికి ఆ పొరపాట్లకు ఆమె వైకల్యమే కారణమని రాసింది. 1920 నుండి 1924 వరకు బతుకుతెరువుకోసం ఆమె వినోద ప్రదర్శనల వేదికలమీద తన కథ చెప్పి, ప్రేక్షకుల ప్రశ్నలకు జవాబులివ్వవలసి వచ్చింది. ఆమెకొక మతవిశ్వాసమూ ఉండేది. దానిమీద 1927లో ఒక పుస్తకమే రాశారు. ఆ పుస్తకం పేరు చెప్పగలవారు మనలో ఎందరు?

మన దేశంలో చిత్రకూటానికి చెందిన రామభద్రాచార్యుల వారి విషయం చూడండి. 1950లో జన్మించి, రెండు నెలల ప్రాయంలోనే కంటిజబ్బుతో చూపు కోల్పోయారు. బ్రెయిలీ వాడరు. శిష్యులు చదివితే విని ధారణ పట్టి, ఆశువుగా చెప్పి రాయిస్తారు. సంస్కృతంలో మహాకావ్యాలు రచించారు. 2023 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం గుల్జార్ గారితో కలిసి ఆయనకు లభించింది. మనవాళ్ళు పంచుకునేదంతా ఆయన జ్ఞాపకశక్తి గురించే. అవధాన సంప్రదాయం తెలిసిన మనకు ధారణ అంటే అభ్యాసమనీ, అద్భుతం కాదనీ తెలియాలి. ఆ ధారణ వెనుక ప్రతిదినం గొంతు అరిగేలా చదివి వినిపించిన శిష్యులున్నారు. వికలాంగుల చదువుకోసం ఆయన 2001లో చిత్రకూటంలో విశ్వవిద్యాలయమే స్థాపించారు. నా లెక్కన ఆయన జీవితంలో ముందు చెప్పవలసింది అది. ఇక ఆయన వెలిబుచ్చే అభిప్రాయాలు అన్నీ నాకు సమ్మతం కావు. పండితుణ్ణి పండితుడిగా గౌరవించడమంటే అతనితో వాదానికి దిగడం. మాట్లాడిన మాటను పక్కనబెట్టి కళ్ళకు మాత్రమే నమస్కరించడం పండితగౌరవం కాదు.

ఇప్పుడు మళ్ళీ ఆస్ట్రేలియాకు వస్తాను. నిక్ గారు పుట్టిన సంవత్సరంలోనే, అదే విక్టోరియా రాష్ట్రంలో, స్టావెల్ అనే చిన్న ఊరిలో స్టెల్లా యంగ్ అనే ఆమె జన్మించారు. ఎముకలు పెళుసుగా ఉండే వ్యాధితో చక్రాల కుర్చీలో జీవించారు. పాత్రికేయురాలు, హాస్య వక్త. ఆమెకు పదిహేనేళ్ళప్పుడు ఊరివారొకరు వచ్చి, ఈ అమ్మాయికి ఒక పురస్కారం ఇప్పిద్దామనుకుంటున్నామని తల్లిదండ్రులతో అన్నారట. మంచిదే గాని మా అమ్మాయి ప్రత్యేకంగా ఏమీ సాధించలేదు కదా అన్నారట వారు. తరువాత ఆమె మెల్‌బోర్న్‌లో ఒక ఉన్నత పాఠశాలలో పాఠం చెబుతుంటే, ఇరవై నిమిషాలు గడిచాక ఒక విద్యార్థి చెయ్యెత్తి, మీ ప్రసంగం ఎప్పుడు మొదలుపెడతారని అడిగాడట. ఆమె చెబుతున్నది న్యాయశాస్త్ర పాఠం. చక్రాల కుర్చీలో బడికి వచ్చిన మనిషి ఉత్తేజం కలిగించడానికే వస్తుందని ఆ పిల్లవాడి అనుభవం. 2014లో సిడ్నీలో ఇచ్చిన ఉపన్యాసంలో ఆమె ఈ సంగతులు చెప్పి, మీ స్ఫూర్తికోసం నేను పుట్టలేదని కుండబద్దలు కొట్టారు. అదే ఏడాది డిసెంబరులో 32 ఏళ్ళకే మరణించారు.

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. ఆ తరగతిగది సంఘటన నన్ను కలచివేసినంతగా మరే ఉపన్యాసమూ కలచలేదు. ఉపాధ్యాయుడికి అంతకు మించిన అవమానం ఉండదు. పాఠం జరుగుతున్నది, కాని ఎదుటివాడికి పాఠం చెబుతున్న మనిషి కనబడడం లేదు. కుర్చీ కనబడుతున్నది.

నిక్ గారి దృశ్యం మన ఊళ్ళో ప్రతి చేతిఫోనులోనూ ఉన్నది. స్టెల్లా గారి మాట ఎవరి దగ్గరా లేదు. ఒకటి వింటే మనకు హాయి, రెండవది వింటే మనకు పని. తేడా అంతే.

మతబోధకుడైన వికలాంగుడికి మరొక బాధ అదనం. సామాన్యుడిని జాలితో వదిలేస్తారు. బోధకుడిని లెక్క అడుగుతారు. “అంత భక్తి ఉన్నవారికి భగవంతుడు కాళ్ళెందుకు ఇవ్వలేదండీ?” మా మిత్రులకు ఈ ప్రశ్న నెలకు నాలుగుసార్లు ఎదురవుతుంది. పూర్వజన్మ కర్మ అని అడిగినవారే జవాబు కూడా చెప్పేస్తారు. స్వస్థత సభల వైపు వెళ్తే, నీ విశ్వాసం చాలలేదంటారు. రెండూ ఒకే మాట: తప్పు నీదే. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో పుట్టు అంధుణ్ణి చూసి శిష్యులు అడిగినది కూడా ఇదే. పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా? రెండూ కాదని అక్కడ గురువు కొట్టిపారేశాడు. నిక్ గారు పదిహేనవ ఏట ఆ అధ్యాయం చదివాకే తనకు దారి దొరికిందంటారు.

అయితే ఆ కథలో చివరకు అంధుడికి చూపు వస్తుంది. మన అష్టావక్రుడి కథా అంతే. ఎనిమిది వంకరలతో పుట్టి, జనకుని సభలో వందిని వాదంలో ఓడించి, తండ్రిని విడిపించుకున్న బ్రహ్మజ్ఞాని. ఆ కథ అక్కడ ముగిసి ఉంటే ఎంత బాగుండేది! కాని భారతం అరణ్యపర్వంలో తండ్రి అతణ్ణి సమంగా నదిలో స్నానం చేయమంటాడు, వంకరలన్నీ సరి అవుతాయి. అంతటి జ్ఞానిని అంతటి ఇతిహాసం కూడా వంకర ఒంటితో ఇంటికి పంపలేకపోయింది. కథలలో వారికి నది దొరుకుతుంది. నిజజీవితంలోని బోధకుడు మాత్రం రాత్రి సభ ముగించుకొని, అదే దేహంతో మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కాలి. అద్భుతం జరిగితే వాడుకుందామని నిక్ గారు అలమరలో ఒక జత బూట్లు ఉంచుకున్నానని చెబుతారు. ఆ బూట్లు ఆయన ఇష్టం, ఆయన విశ్వాసం. కాని ఆ అద్భుతం జరిగేదాకా మనం మెట్లు కట్టుకుంటూ కూర్చోవచ్చునని దాని అర్థం కాదు.

ఇక బాకీ సంగతి. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం పుట్టు గుడ్డివానికీ, చెవిటివానికీ, మూగవానికీ ఆస్తిలో వాటా లేదన్నది. తిండి గుడ్డ మాత్రం పెట్టాలన్నది. లేవీయకాండము 21వ అధ్యాయం, అహరోను వంశంలో అంగలోపం ఉన్నవాడు నైవేద్యపు రొట్టె తినవచ్చుగాని బలిపీఠం దగ్గరకు రాకూడదన్నది. దేశాలు వేరు, దేవుళ్ళు వేరు, ఏర్పాటు ఒక్కటే. అన్నం పెట్టు, అధికారం ఇవ్వకు. ధృతరాష్ట్రుణ్ణి భారతం ప్రజ్ఞాచక్షువు అని పిలుస్తుంది. ప్రజ్ఞయే చక్షువుగా గలవాడని బహువ్రీహి సమాసం. ఎంత అందమైన మాట! కాని అంధుడన్న కారణంగా రాజ్యం తమ్ముడికి పోయింది. బిరుదు దక్కింది, సింహాసనం దక్కలేదు.

వికలాంగులకు హిందూ వారసత్వంలో వాటా తీసివేసే పాత నియమాన్ని 1928 నాటి చట్టం చాలావరకు రద్దు చేసింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఏ రోగమూ, ఏ లోపమూ వారసత్వానికి అడ్డు కాదని తేల్చింది. ఇది ఏ మహావక్త ప్రసంగంవల్లా రాలేదు, చట్టంవల్ల వచ్చింది. అట్లాగే పోలియో. మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనల్ని పోలియోరహితులుగా గుర్తించింది. ఇంటింటికీ మంచుపెట్టె మోసుకుపోయి రెండేసి చుక్కలు వేసిన వేలాది స్త్రీల కాళ్ళ పుణ్యం అది. వారికి ఎవరు సన్మానసభ పెట్టారు?

బిరుదులు పంచే అలవాటు మనకింకా పోలేదు. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో దివ్యాంగులు అన్న మాట సూచించారు. అది దేశమంతా పాకింది. విభిన్న ప్రతిభావంతులు అన్నది ఆంధ్రదేశపు సర్కారీ వాడుక. కుంటి సాకు, గుడ్డి నమ్మకం, చెవిటివాని ముందు శంఖం అని నిత్యం అవలీలగా వాడే భాష మనది కనుక, మాటల విషయంలో జాగ్రత్త అవసరమే. కాని దివ్యం అన్న విశేషణాన్ని పండితుడిగా నేను ఒప్పుకోలేను. దివ్యమైన అంగానికి చంకకర్ర ఎందుకు, ర్యాంపు ఎందుకు, పింఛను ఎందుకు? పేరు ఎంత ఎత్తుకు పోతే మనిషి అవసరం అంత మరుగున పడుతుంది. మా మిత్రులను దివ్యాంగులని పిలవాలా, వికలాంగులని పిలవాలా అని అడిగితే, “పురాణం చెప్పేవాణ్ణి కదా, పౌరాణికుడని పిలవండి,” అన్నారు.

చట్టం మాటకొస్తే, 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే 2016 చట్టం ఇరవైయొక్కటిని గుర్తించింది. ప్రజలు వాడే భవనాలన్నిటినీ నియమాలు వెలువడిన ఐదేళ్ళలోగా అందరికీ అందుబాటుగా మార్చాలన్నది. నియమాలు 2017 జూన్‌లో వెలువడ్డాయి. అంటే 2022 జూన్‌తో గడువు తీరింది. 2024 నవంబరులో సర్వోన్నత న్యాయస్థానం, ఈ ప్రమాణాలను సూచనలుగా ఉంచితే చాలదనీ తప్పనిసరి చేయాలనీ తీర్పు చెప్పవలసి వచ్చింది. 2011 జనగణన ప్రకారమే దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. ఇందులో వేదిక ఎక్కి మాట్లాడేవారు ఎందరు? మిగిలినవారికి కావలసింది రేషను దుకాణం గడప దాటడం, బడి మెట్లు ఎక్కడం, బస్సులో చోటు దొరకడం.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో పదవ తరగతి మేడమీద ఉండేది. పోలియో సోకిన పిల్లవాడు తొమ్మిదిదాకా కింద చదివి, పదికి వచ్చేసరికి మానేస్తానన్నాడు. తరగతి కిందికి మార్చమని అడిగితే, కింద కార్యాలయం ఉన్నదని జవాబు. ఆ నెలలోనే ఒక వికలాంగ వక్తను పిలిచి, పిల్లలకు ఆత్మవిశ్వాసం నూరిపోయించారు. సభలో వెనుక వరుసన ఆ పిల్లవాడూ ఉన్నాడు. సభ ముగిశాక వక్తగారే అడిగారు, ఈ అబ్బాయిది ఏ తరగతి, గది ఎక్కడ అని. జవాబు విని, నా ప్రసంగానికి మీరు ఇవ్వదలచిన శాలువా వద్దు, గది మార్చండి అన్నారు. వారం తిరక్కుండా కార్యాలయం మేడమీదికి, తరగతి కిందికి మారాయి. నలుగురు కలిసి రెండు బీరువాలు, పన్నెండు బల్లలు మోశాం. అంతటితో అయిపోయింది. ఆ రోజు వక్తగారు చెప్పినదంతా నేను మరిచిపోయాను. ఆ ఒక్క ప్రశ్న మరువలేదు.

నన్ను ఎదిరించేవారి మాటలు నేనే చెబుతాను. వారే తమ కథ చెప్పుకొని సంపాదించుకుంటున్నారు కదా, మీకెందుకు అంటారు. నిజమే, చెప్పుకోనివ్వండి. ఎవరి కథ వారి సొత్తు. కాని ఇతర తలుపులన్నీ మూసి ఉంచి, ఈ ఒక్క తలుపే తెరిచిపెట్టి, ఇది వారి ఇష్టమే అనడం న్యాయం కాదు. లెక్కలశాస్త్రం చదివిన నిక్ గారిని లెక్కలగురించి మాట్లాడమని ఎవరు పిలిచారు? మరి స్ఫూర్తి పొందడమే తప్పా అంటారు. తప్పు కాదు. నాకు గజేంద్రమోక్షం విన్నప్పుడు స్ఫూర్తి కలిగింది. అది ఆయన పాండిత్యంనుండి కలిగింది, కాళ్ళనుండి కాదు. గుళ్ళకు డబ్బులేదంటారు. గోపురానికి రంగులు వేయడానికి వచ్చిన డబ్బు ర్యాంపుకు ఎందుకు రాదు?

ర్యాంపు లెక్క కూడా చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడుతుంది. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. మూడు మెట్లు, ఒక్కొక్కటి ఆరంగుళాలైతే, మొత్తం పద్దెనిమిది అంగుళాలు. అంటే పద్దెనిమిది అడుగుల వాలుబాట. ఏ తాపీమేస్త్రీకి చెప్పినా కట్టిపెడతాడు. అంత చోటు లేదంటారా, వేదిక ఎత్తు తగ్గించండి. ఎత్తైన వేదిక లేకుండా శుకమహర్షి భాగవతం చెప్పలేదా?

కనుక నా ప్రార్థన ఇది. మీ సంఘంలోగాని, గుడిలోగాని, బడిలోగాని వికలాంగుడైన వక్తను పిలిచేముందు ఆయన వేదికకు ఎలా చేరతారో, మరుగుదొడ్డి ఎక్కడున్నదో చూసుకోండి. కాలి పట్టీని చెప్పుగా లెక్కగట్టకండి. తడిగుడ్డతో తుడిచి లోపలికి రానివ్వండి, దేవుడు ఆక్షేపించడు. పరిచయంలో ఆయన చదువు చెప్పండి. దేహం గురించి చెప్పాలో వద్దో ఆయననే అడగండి. ప్రసంగం విన్నాక దానిలోని విషయంమీద ప్రశ్న వేయండి, తప్పు కనబడితే తప్పని చెప్పండి. ఇతరులకు ఎంత ఇస్తారో అంతే దక్షిణ ఇవ్వండి. వెంట వచ్చిన మనిషికి కూడా భోజనమూ దారిఖర్చులూ ఇవ్వండి. ఆ సభకు రావాలని ఉండి రాలేకపోయిన మీ ఊరి వికలాంగుల ఇళ్ళకు మర్నాడు వెళ్ళి, ఎందుకు రాలేదో కనుక్కోండి.

ఇవేవీ చేయలేమంటే, కనీసం మొదట చెప్పిన ఆ వాక్యాన్ని మానేయండి. చప్పట్లకు నేను విరోధిని కాను. కాని చప్పట్లు కొట్టే చేతులు రెండూ ఖాళీగా ఉన్నట్లే లెక్క. సభ అయ్యాక వాటికి ఒక తాపీనో, ఒక బల్ల చివరనో పట్టుకునే పని చెప్పవచ్చు.

విభేదించేవారు నిస్సంకోచంగా విభేదించండి. నేను బదులిస్తాను.